తెరచాప నుంచి టర్బైన్ దాకా: అడ్మిరల్ ఫిషర్ వెంట

సోమవారం, పోర్ట్స్‌మత్

లండన్ వాటర్లూలో రైలెక్కితే గంటన్నర పైచిలుకు ప్రయాణం. పోర్ట్స్‌మత్ హార్బర్ స్టేషన్‌ని నీళ్ళ మీదే కట్టారు. దిగి అటూ ఇటూ చూస్తే పక్కనే నల్లగా, పొడుగ్గా ఒక ఓడ. అది వారియర్. దాని సంగతి రేపటికి. ఇవాళ్టి పని విక్టరీ, ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ నిలబడ్డ పాత తెరచాపల యుద్ధనౌక.

అల్లుడు తోడొచ్చాడు. అమ్మాయికి సెలవు దొరకలేదు. మా ఆవిడకి ఓడల మాటెత్తితేనే ఒళ్ళు మంట. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను నీళ్ళ మీద, తను వైజాగ్‌లో ఒడ్డు మీద. ఇప్పుడు టిక్కెట్టు కొనుక్కుని మరీ ఓడలు చూడాలా అంటుంది. అదీ నిజమే.

నేను మర్చంట్ నేవీలో ఇంజిన్ రూము మనిషిని. జాకీ ఫిషర్ అని అందరూ పిలిచే బ్రిటిష్ నేవీ అడ్మిరల్ జాన్ ఫిషర్ మీద నాకు మోజు పుట్టింది అందుకే. 1854లో ఇంజినే లేని తెరచాపల ఓడలో కుర్రాడిగా ఎక్కాడు. 1906లో ఆవిరి టర్బైన్లతో నడిచే డ్రెడ్‌నాట్ అనే యుద్ధనౌకని సముద్రంలోకి దించాడు. మేమంతా డీజిల్ ఇంజిన్ దగ్గర మొదలుపెట్టి డీజిల్ ఇంజిన్ దగ్గరే రిటైరైనవాళ్ళం. ఒక్క ఉద్యోగంలో అంత మార్పు చూసినవాడి ఊరూ, ఓడా చూడాలని ఎప్పటి నుంచో ఉంది.

ఆయన పుట్టింది ఇంగ్లండులో కాదు, సిలోన్‌లో, 1841 జనవరి 25న, రంబొడలో. మనవాళ్ళు శ్రీలంక రామాయణ యాత్రకి వెళ్ళి నువర ఎలియ దారిలో హనుమంతుడి గుడి దగ్గర ఆగుతారే, ఆ రంబొడే. తండ్రి సైన్యం వదిలేసి కాఫీ తోట పెట్టి అప్పులపాలయ్యాడు. పదకొండు మంది పిల్లల్లో ఈయనే పెద్ద. ఆరేళ్ళకే లండన్‌లో తాతగారింటికి పంపేశారు. పెద్దవాడై పదవిలోకొచ్చాక, ముఖం ఛాయ చూసి, తల్లి సింహళ స్త్రీ అని గిట్టనివాళ్ళు పుకారు పుట్టించారు. ఆ మాటలో నిజం లేదు. అలాంటి పుకారుతో మనిషిని దెబ్బ తీయొచ్చని అనుకున్నారంటే ఆ లోకం ఎలాంటిదో తెలుస్తుంది.

1854 జూలై 13న, పదమూడేళ్ళవాడు, ఈ విక్టరీ మీదే నేవీలో చేరాడు. అప్పుడిది రేవులో నీళ్ళ మీద ఉండేది. డ్రై డాక్‌లోకి, అంటే నీళ్ళు తోడేసిన గుంటలోకి, ఎక్కించింది 1922లో. ప్రవేశ పరీక్ష గురించి తరవాత ఆయనే రాసుకున్నాడు: ప్రభువు ప్రార్థన చూడకుండా రాయడం, బట్టల్లేకుండా ఒక కుర్చీ మీంచి దూకడం, ఒక గ్లాసు షెర్రీ తాగడం. అంతే, నేవీలోకి వచ్చేసినట్టే. ఇది విని అల్లుడు నవ్వాగలేదు. "మావయ్యా, మా ఇంటర్వ్యూలు ఆరు రౌండ్లు!"

విక్టరీ ఇప్పుడు పెద్ద రిపేరులో ఉంది. చుట్టూ పరంజా, పైన కప్పు. బయట నుంచి ఫొటోకి పనికిరాదు గానీ లోపలికి వెళ్ళనిచ్చారు. కింది డెక్కుల్లో నడుం వంచే నడవాలి. ఇంకో సంగతి: 1903 అక్టోబరులో పాతసామానుకి అమ్మేసిన నెప్ట్యూన్ అనే ఇనప యుద్ధనౌకని ఈ రేవులోంచి లాక్కెళ్తుంటే తాళ్ళు తెగి, కొట్టుకొచ్చి విక్టరీని గుద్దింది. మునిగిపోయే పరిస్థితి. ఆ రోజుల్లో పోర్ట్స్‌మత్ కమాండర్ ఇన్ చీఫ్ మన ఫిషరే. ఆ మరుసటి ఏడే పాత ఓడలన్నీ తుక్కుకి పంపే పని మొదలుపెట్టాడు.

మంగళవారం, వారియర్ మీద

రోజంతా ఒక్క ఓడకే పెట్టాను. అల్లుడికి మధ్యాహ్నానికే విసుగొచ్చింది, పాపం.

విక్టరీ మీద చేరాక ఫిషర్ మొదట వెళ్ళిన ఓడ కల్‌కటా. 84 ఫిరంగుల తెరచాప ఓడ, బొంబాయి రేవులో టేకుతో కట్టింది. ఎక్కిన రోజే నావికుల్ని కొరడాతో కొట్టడం చూసి మూర్ఛపోయానని రాసుకున్నాడు. తరవాత క్రిమియా యుద్ధకాలంలో బాల్టిక్, ఆపైన చైనా. 1859లో పెయ్‌హో నది మీది కోటల దగ్గర ఇంగ్లీషువాళ్ళు చావుదెబ్బ తిన్న రోజున అతనూ అక్కడున్నాడు. నల్లమందు కోసం ఒక దేశం మీద పడ్డ యుద్ధం అది; ఆ సంగతి ఎక్కడా మొహమాటపడకుండా చెప్పుకోవాలి. పంతొమ్మిదేళ్ళకి అతని చేతికి మొదటిసారి ఒక ఓడ ఇచ్చారు, నాలుగు రోజుల పాటు. అడ్మిరల్ దగ్గర వాడుకలో ఉన్న చక్రాల స్టీమరు. పేరు కోరమాండల్. మన తీరం పేరే!

1863లో వారియర్‌కి గన్నరీ లెఫ్టినెంటుగా, అంటే ఫిరంగుల పని చూసే ఆఫీసరుగా, వచ్చాడు. అప్పటికి ప్రపంచంలో దీన్ని మించిన యుద్ధనౌక లేదు. 1860 చివర్లో థేమ్స్ ఒడ్డున నీళ్ళలోకి దించారు. మొత్తం ఇనప దేహం. ఫిరంగులున్న నడిమి భాగానికి నాలుగున్నర అంగుళాల ఇనప రేకు, దాని వెనకాల పద్దెనిమిది అంగుళాల టేకు. గుండు తగిలితే ఇనుము ఆపుతుంది, అదురుని కర్ర మింగేస్తుంది.

గన్ డెక్కు మీద రెండు ఫిరంగుల మధ్య ఒక బల్ల, పైనుంచి తాళ్ళతో వేలాడుతూ. పద్దెనిమిది మంది అక్కడే తినాలి, రాత్రి అక్కడే ఉయ్యాల మంచాలు కట్టుకోవాలి. బల్ల మీద తగరపు పళ్ళాలు, ఎండు బిస్కెట్లు పేర్చి పెట్టారు. బిస్కెట్టు చేత్తో పట్టుకుంటే పెంకు ముక్కే. ఫిషర్ పెద్ద పదవిలోకొచ్చాక చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది, ఓడల మీద రొట్టె కాల్చే పొయ్యిలు పెట్టించి నావికులకి రోజూ తాజా రొట్టె పెట్టించడం. చరిత్రకారులు దాన్ని ఒక వాక్యంలో ముగిస్తారు. నెలల తరబడి ఓడ మీద తిన్నవాడికి తెలుస్తుంది దాని విలువ.

ఇక కిందికి, నా రాజ్యంలోకి. పది బాయిలర్లు, నలభై కొలుములు. ఓడలో సుమారు 850 టన్నుల బొగ్గు పట్టేది. అసలు ఇంజిన్ ఎప్పుడో పోయింది. ఇప్పుడున్నది నమూనాగా కట్టింది, కరెంటు మోటారుతో మెల్లగా తిప్పుతారు. అయినా కొలతలు కొలతలే. జాన్ పెన్ కంపెనీ ట్రంక్ ఇంజిన్, అడ్డంగా పడుకోబెట్టింది, గుండు తగలకుండా నీటిమట్టానికి కిందనే ఉండాలని. సిలిండర్‌లో మనిషి కూర్చోవచ్చు. కొలిమి ముందు నిలబడి పార పట్టుకునే ఎత్తు సరిచూశాను. పైకి ఎత్తక్కర్లేదు, నడుం తిప్పి విసిరితే చాలు. కట్టినవాడికి స్టోకర్ (కొలిమిలో బొగ్గు వేసేవాడు) నడుం సంగతి తెలుసు.

ఆవిరితో 14 నాట్లు (ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు), తెరచాపతో 13. చాపలెత్తినప్పుడు పొగగొట్టం అడ్డు రాకుండా దాన్ని దూరదర్శినిలా లోపలికి దించేసేవాళ్ళు. ప్రొపెల్లర్ నీళ్ళలో అడ్డు తగలకుండా వందల మంది తాళ్ళు పట్టి పైకి లాగేవాళ్ళు. మళ్ళీ ఇంజిన్ కావాలంటే అది కిందికి, గొట్టం పైకి. బొగ్గు ఖరీదు, దారిలో బొగ్గు దొరికే రేవులు తక్కువ, పైగా ఇంజిన్ మీద నమ్మకం తక్కువ. అందుకని రెండు రకాలూ ఒకే ఓడలో ఇరికించారు.

మనుషులు కూడా రెండు రకాలే. పైన చాపలు, దిక్కులు, కత్తులు చూసే ఆఫీసర్లు పెద్దింటివాళ్ళు. కింద మసిబట్టల ఇంజినీర్లు. భోజనాల గది వేరు, హోదా వేరు. 1863 నుంచి ఇంజినీర్ల చేతి మీది బంగారు చారల మధ్య ఊదా రంగు గుడ్డ కుట్టించారు, దూరం నుంచే తెలిసేలా. అదే ఊదా పట్టీ నా భుజాల మీదా ఉండేది. మర్చంట్ నేవీలో ఇప్పటికీ ఉంది. "నూనె, నీళ్ళు కలవవు" అని డెక్కువాళ్ళూ ఇంజిన్‌వాళ్ళూ ఇప్పటికీ ఒకరినొకరు ఎత్తిపొడుచుకుంటారు. ఒక ఓడలో రెండు కులాలు.

ఫిషర్ పై కులంవాడే. కానీ 1902లో రెండో సీ లార్డ్ (నేవీ పాలకమండలిలో రెండో అడ్మిరల్) కాగానే ఆ గోడ మీద దెబ్బ వేశాడు. కుర్రాళ్ళందర్నీ ఒకే బడిలో చేర్చి, ఒకే చదువు చెప్పి, ఆ తరవాతే ఎవరు ఇంజిన్, ఎవరు డెక్ అన్నది తేల్చాలన్నాడు. సెల్బోర్న్ పథకం అంటారు దాన్ని. ముసలి అడ్మిరళ్ళు గగ్గోలు పెట్టారు. ఆయన పోయాక, 1925లో, మళ్ళీ విడదీశారు. ఇది చెప్తుంటే నా గొంతు పెరిగిందేమో, పక్కనున్న గైడ్ తల తిప్పి చూశాడు.

"మావయ్యా, కాఫీ తాగుదామా?" అన్నాడు అల్లుడు.

బుధవారం, రేవులో

హార్బర్ టూర్ పడవ ఎక్కాం. నలభై అయిదు నిమిషాల పైనే తిప్పారు. ఇప్పటి నేవీ ఓడలు, బూడిద రంగు, కోణాలు కోణాలుగా. అదృష్టం, విమానవాహక నౌక ఒకటి రేవులోనే ఉంది. అది ఎంత పెద్దదో చెప్పడం నా వల్ల కాదు.

డాక్‌యార్డ్‌లో ఎక్కువ భాగం మామూలు జనానికి ప్రవేశం లేదు, పడవలోంచే చూడాలి. డ్రెడ్‌నాట్ పుట్టింది ఇక్కడే. 1905 అక్టోబరు 2న అడుగు దుంగ వేశారు. 1906 ఫిబ్రవరి 10న ఏడో ఎడ్వర్డ్ రాజు నీళ్ళలోకి దించాడు. అక్టోబరు 3కల్లా సముద్రంలో ట్రయల్స్. ఏడాది మీద ఒక్క రోజు. అంతకుముందు ఆ సైజు ఓడకి మూడేళ్ళ దాకా పట్టేది. ఇందులో మాయేం లేదు. ముందే సామాను తెప్పించి పెట్టుకున్నారు. రేకుల్ని కొద్ది సైజుల్లోనే చేయించారు. వేరే రెండు ఓడలకి తయారవుతున్న ఫిరంగుల్ని లాక్కొచ్చి దీనికి బిగించారు. కూలీల చేత వారానికి ఆరు రోజులు, రోజుకి పదకొండు గంటలకి పైగా పని చేయించారు. ఆ చివరిది ఉపన్యాసాల్లో ఎవరూ చెప్పరు.

పన్నెండంగుళాల ఫిరంగులు పది, 21 నాట్ల వేగం. ఇంజిన్ రూము వాణ్ణి గనక నాకు టర్బైన్లే ముఖ్యం. అంతకుముందు పిస్టన్ ఇంజిన్లతో గంటల తరబడి పూర్తి వేగంతో వెళ్తే బేరింగులు కాలిపోయేవి. వాటి మీద పైపులతో నీళ్ళు కొడుతూనే ఉండాలి. నీళ్ళూ నూనే కలిసి గాల్లోకి లేచి, ఇంజిన్ రూమంతా బురద వాన. టర్బైన్‌లో ఎగిరిపడే భాగమే లేదు, తిరగడమే. పార్సన్స్ అనే ఇంజినీర్ 1897లో, ఇక్కడికి దగ్గర్లో స్పిట్‌హెడ్ దగ్గర, విక్టోరియా రాణి వజ్రోత్సవాల నౌకా ప్రదర్శన మధ్యలోకి తన చిన్న టర్బినియాని పిలవకుండానే తోలుకొచ్చి 34 నాట్ల వేగంతో పరిగెత్తించాడు. కావలి పడవలు పట్టుకోలేకపోయాయి. అప్పుడు నేవీకి ఓడలు కట్టించే బాధ్యత ఫిషర్‌దే. తొమ్మిదేళ్ళకి అదే టర్బైన్ డ్రెడ్‌నాట్ కడుపులో ఉంది.

అంతకుముందు 1882లో ఆయన నడిపిన ఇన్‌ఫ్లెక్సిబుల్ సంగతి చూడండి. 80 టన్నుల ఫిరంగులు నాలుగు, 24 అంగుళాల కవచం. దానికీ తెరచాప కొయ్యలు పెట్టారు! ఆ జూలై 11న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా మీద గుళ్ళు కురిపించిన ఓడల్లో అదీ ఒకటి. తరవాత ఆ ఊరు తగలబడింది. ఫిషర్ ఒడ్డుకి దిగి, రైలుకి ఇనప రేకులు తొడిగి, ఫిరంగి ఎక్కించి యుద్ధానికి వాడాడు. చివరికి రక్తవిరేచనాలు పట్టుకుని ఇంటికి పంపేశారు.

మధ్యాహ్నం గన్‌వార్ఫ్ కీస్‌లో తిన్నాం. ఇప్పుడది డిస్కౌంట్ షాపుల మాల్, 170 మీటర్ల స్పినకర్ టవర్. ఒకప్పుడు నేవీ టార్పెడో బడి వెర్నన్ ఇక్కడుండేది. ఆ బడి రేవులోని ముసలి ఓడల్లో నడిచే రోజుల్లో టార్పెడో పాఠాలకి పునాది వేసినవాళ్ళలో ఫిషర్ ముందు వరస. మన వారియర్ కూడా కొన్నేళ్ళు ఆ బడికి తరగతి గదిగా పనిచేసింది.

సాయంత్రం సౌత్‌సీ ఒడ్డున నావికుల స్మారక స్తంభం దగ్గరికి నడిచాం. ఇక్కడ ఫిషర్ మీద నా అభిమానం కాస్త తగ్గుతుంది. డ్రెడ్‌నాట్‌తో పాటు ఆయన కట్టించిన ఇంకో రకం, బ్యాటిల్ క్రూజర్. పెద్ద ఫిరంగులు, మంచి వేగం, పల్చటి కవచం. వేగమే కవచం అని ఆయన వాదన. 1916 మే 31న జర్మన్ నేవీతో జరిగిన జట్లాండ్ యుద్ధంలో అలాంటివి మూడు పేలిపోయాయి. ఒక్క ఇన్విన్సిబుల్‌లోనే 1,026 మంది పోయారు, ఆరుగురు మిగిలారు. కవచం ఒక్కటే కారణం కాదు, మందుగుండు అజాగ్రత్తగా పెట్టడం కూడా అన్నవాళ్ళున్నారు. ఆ యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు ఇక్కడ కంచు పలకల మీద వరసగా ఉన్నాయి. స్టోకర్, స్టోకర్, స్టోకర్... చదవలేక వచ్చేశాను.

గురువారం, గాస్‌పోర్ట్

ఫెర్రీలో అయిదు నిమిషాల్లో అవతలి ఒడ్డు. సబ్‌మెరైన్ మ్యూజియంలో హాలండ్-1 ఉంది, బ్రిటిష్ నేవీ మొట్టమొదటి జలాంతర్గామి, 1901ది. 1913లో తుక్కుకి లాక్కెళ్తుంటే మునిగింది, 1982లో పైకి తీశారు. పొడవు ఇరవై మీటర్ల లోపే, ఎనిమిది మంది సిబ్బంది. వైజాగ్ బీచ్‌లో కురుసుర చూసినవాళ్ళకి ఇది దాని టార్పెడో గది అంత అనిపిస్తుంది. పెట్రోల్ ఇంజిన్, బ్యాటరీలు, మనుషులు, అన్నీ ఒకే గొట్టంలో. ఇందులో ఎక్కిన మొదటివాళ్ళకి దండం పెట్టాలి.

దొంగచాటు యుద్ధం మనకి తగదని అడ్మిరళ్ళు ముఖం చిట్లిస్తుంటే, రాబోయే యుద్ధం వీటిదేనని ఫిషర్ 1904లోనే ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. జలాంతర్గాముల విభాగానికి మొదటి అధిపతి రెజినాల్డ్ బేకన్‌నే తరవాత డ్రెడ్‌నాట్‌కి మొదటి కెప్టెన్‌గా వేశారు.

1914 సెప్టెంబరు 22న ఒకే జర్మన్ జలాంతర్గామి మూడు పాత బ్రిటిష్ క్రూజర్లని గంటన్నరలోపు ముంచేసింది. అదే రోజు రాత్రి ఎండెన్ అనే జర్మన్ క్రూజర్ మన మద్రాసు రేవు మీద గుళ్ళు కురిపించింది. ఆ జలాంతర్గామి కెప్టెన్ వెడిగెన్ తరవాత వేరే దానిలో తిరుగుతుంటే, 1915 మార్చిలో డ్రెడ్‌నాట్ ఎదురెళ్ళి గుద్ది ముంచింది. అంత పేరున్న డ్రెడ్‌నాట్ మొత్తం జీవితంలో ముంచిన శత్రు ఓడ అదొక్కటే. పది ఫిరంగుల్లో ఒక్కటీ దానికి పనికిరాలేదు.

శుక్రవారం, లండన్

వాన. వైట్‌హాల్‌లో ఒకప్పుడు నేవీని నడిపిన అడ్మిరల్టీ భవనాన్ని గొడుగు కింద నుంచి చూడ్డమే, లోపలికి పోనివ్వరు. 1904 అక్టోబరులో, ట్రఫాల్గర్ దినం చూసుకుని ఫస్ట్ సీ లార్డ్‌గా, అంటే నేవీ పెద్దగా, ఇక్కడ కూర్చున్నాడు. రాగానే నూట యాభైకి పైగా ఓడల్ని తీసి పక్కన పెట్టించాడు. పోరాడలేవు, పారిపోనూ లేవు అన్నది ఆయన లెక్క. మిగిలిన డబ్బు, మనుషులు కొత్త ఓడలకి. అంతకుముందు మధ్యధరా దళంలో 12 నాట్లకే చెడిపోయే ఓడల్ని 15 నాట్లకి చెడిపోకుండా పరిగెత్తించాడని మెచ్చుకున్నది అక్కడ ఆయన కింద పనిచేసిన అడ్మిరల్ లార్డ్ బెరెస్‌ఫర్డ్. తరవాత ఆ బెరెస్‌ఫర్డే బద్ధశత్రువై నేవీని రెండు ముఠాలు చేశాడు. తప్పు ఒకరిదే కాదు. ఫిషర్‌కి తనవాళ్ళు, పరాయివాళ్ళు అన్న పట్టింపు జాస్తి, పగ పడితే వదిలేవాడు కాదు.

1910లో దిగిపోయాడు. 1912లో నేవీకి బొగ్గు బదులు నూనె వాడే విషయం తేల్చే కమిషన్‌కి అధ్యక్షుణ్ణి చేశారు. 1914లో యుద్ధం వచ్చాక, అప్పటి నేవీ మంత్రి చర్చిల్ మళ్ళీ పాత పదవికి పిలిపించుకున్నాడు. డిసెంబరు 8న, ఆయన హడావుడిగా పంపిన రెండు బ్యాటిల్ క్రూజర్లు ఫాక్‌లాండ్స్ దగ్గర జర్మన్ అడ్మిరల్ ఫాన్ స్పే దళాన్ని ముంచేశాయి. మద్రాసుని కొట్టిన ఎండెన్ ఆ దళంలోంచి విడిపడి వచ్చిందే. ఆపైన టర్కీలోని డార్డనెల్స్ జలసంధి మీద దండయాత్ర విషయంలో చర్చిల్‌తో చెడింది. 1915 మే 15న రాజీనామా రాసేసి, చేరింగ్ క్రాస్ హోటల్లో కూర్చున్నాడు. రాజుగారి పేరు మీద డ్యూటీకి రమ్మని ప్రధాని కబురు పెట్టినా రాలేదు. యుద్ధం మధ్యలో నేవీ పెద్ద చేయాల్సిన పని కాదది. అడ్మిరల్టీ నుంచి ఆ హోటల్‌కి నడిచి చూశాను. పది నిమిషాలు కూడా లేదు.

శనివారం, కిల్వర్‌స్టన్

నార్‌ఫోక్‌లో థెట్‌ఫర్డ్ స్టేషన్‌లో దిగి టాక్సీలో వెళ్ళాం. కిల్వర్‌స్టన్ బంగళా ఆయన కొడుక్కి వచ్చిన ఆస్తి. ఇప్పుడూ సొంతదారుల ఇల్లే, లోపలికి వెళ్ళేందుకు లేదు. పక్కనే గుండ్రటి బురుజున్న చిన్న చర్చి. 1920 జూలై 10న పోయాడు. 13న వెస్ట్‌మినిస్టర్ అబేలో అంత్యక్రియలు. నేవీలో చేరిన తేదీ కూడా అదే. దహనం చేసి, బూడిదని ఇక్కడ భార్య సమాధిలో పెట్టారు. తన మొదటి ఓడ కల్‌కటా ముందు భాగాన ఉండే బొమ్మని తెప్పించుకుని ఇక్కడే పెట్టుకున్నాడట. బొంబాయిలో కట్టిన ఓడ బొమ్మ, నార్‌ఫోక్ పొలాల మధ్య. ఉన్నన్నాళ్ళూ తెరచాపల ఓడల్ని తుక్కుకి పంపినవాడు దాన్ని మాత్రం వదలలేదు.

అల్లుడు అడిగాడు, "ఇంతకీ మంచివాడా, చెడ్డవాడా మావయ్యా?"

ఇంజినీర్ల వైపు నుంచి చూస్తే మంచివాడే అన్నాను. అలెగ్జాండ్రియా వాళ్ళని అడిగితే ఇంకోలా చెప్తారు.

తిరిగి వెళ్ళే రైలుకి టైం ఉంది. థెట్‌ఫర్డ్‌లో నది మధ్య లంకలో గుర్రం మీద మహారాజా దులీప్ సింగ్ విగ్రహం ఉంటే చూశాం. కోహినూర్ పోగొట్టుకున్న పంజాబ్ రాజు, ఇక్కడికి దగ్గర్లో ఎల్వెడన్‌లో ఉండేవాడు, సమాధి కూడా అక్కడే. ఈ దారిన వెళ్ళేవాళ్ళు పొద్దున్నే బయల్దేరితే రెండూ చూసుకోవచ్చు. కిల్వర్‌స్టన్‌లో టీ కొట్టు కూడా లేదు. తిండి థెట్‌ఫర్డ్‌లోనే కానిచ్చుకుని, టాక్సీని ఆపి ఉంచుకోండి.